విజ్ఞానశాస్త్ర బోధన – అంతర్జాల సాధనములు : ఖమ్మం, భద్రాచలం అటవీసీమ

ఒకే పత్రమును అనేకులు వేర్వేరు స్థలములనుండి ఏకకాలమున తెరచి, దానియందు వ్రాయుటకును, దిద్దుటకును, లెక్కించుటకును వీలు కల్పించు అంతర్జాల సాధనములు, అనగా మొదట కార్యాలయముల అవసరము కొరకు పుట్టిన వ్రాతపత్రములు, లెక్కల పట్టికలు, ప్రశ్నావళులు, చిత్రఫలకములు, గడచిన రెండు దశాబ్దములలో క్రమముగా పాఠశాలలోనికి ప్రవేశించి విజ్ఞానశాస్త్ర బోధనకును పనిముట్లైనవి. గూగుల్ డాక్స్, షీట్స్, ఫారమ్స్, క్లాస్‌రూమ్ అను పేర్లతో వాడుకలోనున్న సముదాయము వీనిలో సుపరిచితమైనది. మైక్రోసాఫ్టువారి సాధనములును ఈ కోవకే చెందును. అంతర్జాలముతో నిమిత్తము లేకయే పనిచేయుచు, ఎవ్వరికైనను ఉచితముగా లభించు లిబ్రె ఆఫీస్ వీనికి తోబుట్టువు వంటిది. వీడియో పాఠమునెదుట విద్యార్థి ప్రేక్షకుడై కూర్చుండును. పట్టికయెదుట కూర్చున్నవాడు ఏదో యొక గడిని తన కొలతతో నింపక తప్పదు. సైన్సు తరగతికి ఈ సాధనములు తగియుండుటకు కారణమిదే.

ఈ విషయమును ఖమ్మం, భద్రాచలం అటవీసీమను దృష్టియందుంచుకొని వివరించుట ఇచ్చటి ఉద్దేశము. 1953 అక్టోబరు 1న వరంగల్లు జిల్లానుండి విడివడి ఏర్పడిన ఖమ్మం జిల్లాలో 1959లో తూర్పుగోదావరికి చెందిన భద్రాచలము, నూగూరు తాలూకాలు చేరెను; 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశమునకు బదిలీయయ్యెను; 2016 అక్టోబరు 11న కొత్తగూడెము కేంద్రముగా భద్రాద్రి జిల్లా వేరుపడెను. ఇట్లు పలుమారులు గీతలు మారుటచేత చర్ల, దుమ్ముగూడెము, పినపాక, గుండాల ఒక రాష్ట్రమునను, కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము మరియొక రాష్ట్రమునను నిలిచినవి. ఐనను అడవి యొకటే, గోదావరి యొకటే. కోయ, కొండరెడ్ల బిడ్డలు చదువుకొను ఆశ్రమపాఠశాలల దినచర్యయు ఇంచుమించుగా ఒకటే. భద్రాచలమునను చింతూరునను గల సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు, వాడుకలో ఐటీడీఏలు, ఈ పాఠశాలల మంచిచెడ్డలు చూచుచున్నవి.

సైన్సు ఉపాధ్యాయునకు ఈ సీమయందు కొదవలేనిది పాఠ్యవస్తువు. ఇల్లెందు ప్రాంతమున 1871లో డాక్టరు కింగ్ కనుగొనిన బొగ్గు, 1889లో మొదలైన తవ్వకము, దాని వెంట పెరిగిన సింగరేణి గనులు, అశ్వాపురమున భారజలమును తయారుచేయు కర్మాగారము, సారపాకలో జామాయిల్ కఱ్ఱను కాగితముగా మార్చు మిల్లు, కిన్నెరసాని అభయారణ్యము, ఏటేట వరద తెచ్చు గోదావరి, ఇవన్నియు పదిమైళ్లు, ఇరువదిమైళ్ల దూరములోనివే. పాఠ్యపుస్తకమున రెండు పుటలలో ముగియు విషయము ఇచ్చటి పిల్లవానికి బస్సు కిటికీలోనుండి కనబడును. కనబడుచున్న దానిని కొలిచి, వ్రాసి, తోటివారి కొలతలతో పోల్చి చూచు అలవాటు మాత్రము దానంతట అది రాదు. దానిని తరగతి కల్పింపవలెను.

పూర్వరంగము

తెలుగున విజ్ఞానశాస్త్రమును సామాన్య పాఠకునకు అందింపవలెనను సంకల్పము 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలితో గట్టిపడెను. దానికి ప్రాణమువంటి కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఖమ్మమునకు చేరువలోనున్న మునగాల సంస్థానమున దివానుగా నుండినవారు. తెలుగున తొలి విజ్ఞానసర్వస్వమునకు పూనుకొన్నవారును వారే. పుస్తకము ద్వారా శాస్త్రమును చెప్పుట ఆనాటి మార్గము. చేతులతో చేయించి నేర్పు మార్గమునకు మనదేశమున ప్రసిద్ధమైన ఉదాహరణము మధ్యప్రదేశములోని హోషంగాబాదు విజ్ఞానబోధన కార్యక్రమము: 1972లో పదునారు పాఠశాలలతో మొదలై 2002 వరకు సాగిన ఆ ప్రయత్నమున పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుండి స్వయముగా ప్రయోగము చేసి, ఫలితములను తరగతియందు చర్చించుకొనెడివారు. 1975–76లో అమెరికా ఉపగ్రహముతో ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు పంపిన ‘సైట్’ ప్రయోగము మరియొక దారి. దానియందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. సాంకేతిక సాధనము చేత దూరగ్రామమునకు చదువు చేర్చవచ్చునను ఆశ అప్పటిది; అందుకొనువాడు తిరిగి ఏమియు పంపలేడను లోపమును అప్పటిదే.

చేతులతో చేయించు దారిని, దూరమునకు చేర్చు దారిని కలుపదగినది లెక్కల పట్టిక. దీనిని వ్యక్తిగత కంప్యూటరుపై తొలుత సాధించినవారు డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్. వారి విసికాల్క్ 1979లో వెలువడెను. వ్యాపారస్థుడు ఒక ధరను మార్చగనే మొత్తమంతయు తనంతట మారుట దాని విశేషము. 2006లో గూగుల్ సంస్థ వ్రాతపత్రమును, లెక్కల పట్టికను అంతర్జాలముపై నుంచి, వేర్వేరు కంప్యూటర్లపైనున్న పలువురు ఒకే పత్రమున వ్రాయు సౌకర్యము కల్పించెను. 2008లో ప్రశ్నావళి చేరెను. 2014లో క్లాస్‌రూమ్ వచ్చెను. కొలరాడోలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ అనుకరణములు, ఆహెన్ విశ్వవిద్యాలయము 2016లో విడుదలచేసి, ఫోనులోని గ్రాహకములను కొలతపరికరములుగా మార్చిన ఫైఫాక్స్, ఇవి ఆ వెనుక చేరిన చుట్టములు. మన దేశమున 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన దీక్షా వేదిక పాఠ్యపుస్తకములలోని క్యూఆర్ కోడ్‌లకు పాఠములను జతచేసినది. అది ప్రధానముగా చూచుటకును చదువుటకును ఉద్దేశింపబడినది గనుక ఇచ్చట విస్తరింపబడలేదు.

తరగతిలో పని

ఉమ్మడి పట్టిక చేయు మేలు ఒక సామాన్య ప్రయోగముతో తేటపడును. లఘులోలకముయొక్క డోలనకాలము దాని పొడవుపై ఎట్లాధారపడునో తెలిసికొనుటకు ఒకే జట్టు ఎనిమిది పొడవులతో ప్రయోగము చేయవలెనన్న నలుబదియైదు నిమిషముల పీరియడు చాలదు. తరగతిని ఎనిమిది జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టునకు 20 సెంటీమీటర్లు మొదలు 90 సెంటీమీటర్ల వరకు ఒక్కొక్క పొడవు నిచ్చి, ఇరువది డోలనములకు పట్టిన కాలమును ఉమ్మడి పట్టికలో తమ వరుసలో వ్రాయుమన్నచో, పీరియడు ముగియకమునుపే ఎనిమిది బిందువులు సమకూడును. డోలనకాలముయొక్క వర్గమును పొడవునకు ఎదురుగా గుర్తించిన బిందువులు ఒక సరళరేఖపై నిలుచును. ఆ రేఖ వాలునుండి గురుత్వత్వరణమును రాబట్టవచ్చును. ఏ జట్టునకును తనంత తానుగా కనబడని రేఖ తరగతి కంతకు కలిసి కనబడును.

ఇచ్చట సర్వసాధారణముగా జరుగు పొరపాటు నొకదానిని చెప్పుట అవసరము. గుండును విడిచినపుడు ‘సున్న’ అనుటకు మారు ‘ఒకటి’ అని లెక్క ప్రారంభించిన జట్టు పందొమ్మిది డోలనములనే ఇరువది యనుకొనును. దాని డోలనకాలము నూటికి ఐదు వంతులు తగ్గును. వర్గము చేయగా ఆ లోపము నూటికి పదివంతులకు సమీపించును. ఆ జట్టు గణించిన గురుత్వత్వరణము 9.8కి బదులు 10.9 ప్రాంతమున నుండును. విడిగా తన నోటుపుస్తకమున వ్రాసికొన్న జట్టు ఈ సంఖ్యను చూచి, పుస్తకములోని విలువకు సరిపడునట్లు మెల్లగా దిద్దుకొనును. ఇది ప్రయోగశాలలలో చిరకాలముగా వేళ్లూనిన దురలవాటు. ఉమ్మడి పట్టికలోనో, ఏడు బిందువులు రేఖపై నుండగా ఎనిమిదవది క్రిందికి జారి అందరి కంటను పడును. అప్పుడు మాస్టారు దానిని తప్పు అనక, ‘మీరు లెక్క ఎట్లు మొదలుపెట్టితిరి, మరల చేసి చూపుడు’ అని యడిగిన చాలును. దోషము ఎచ్చట పుట్టినదో కనుగొనుట శాస్త్రమున సగము పని. సరియైన జవాబును ఎఱిగి తెచ్చుకొనుటకంటె దీనిని నేను ఎక్కువగా గౌరవింతును.

పట్టికయొక్క జ్ఞాపకశక్తి యింకొక గుణము. ఏ గడిలో ఏ సంఖ్య ఎప్పుడు మారెనో, ఎవరి ఖాతానుండి మారెనో అది దాచియుంచును. కోరినపుడు వెనుకటి రూపమును చూపును. మంచి ప్రయోగశాలా పుస్తకమున తప్పుసంఖ్యను రబ్బరుతో చెరపక, ఒక అడ్డుగీత గీసి ప్రక్కన కారణము వ్రాయవలెనను నియమము కలదు. ఆ నియమమునకు ఇది యంత్రరూపము. ఐతే ఉపాధ్యాయుడు దీనిని దొంగను పట్టు వలగా వాడిన పిల్లలు భయపడి అసలు కొలతలే వ్రాయరు. దిద్దినచో ప్రక్క గడిలో కారణము వ్రాయవలెనను కట్టుబాటును మొదటిదినముననే చెప్పుట ఉత్తమము.

ప్రమాణముల విషయమున పట్టిక నిర్దయ చూపును, అదియు మేలే. ఒక జట్టు 70 అని సెంటీమీటర్లలోను, మరియొకటి 0.7 అని మీటర్లలోను వ్రాసినచో రేఖ చెదరిపోవును. గడిలో ‘70 సెం.మీ.’ అని అక్షరములతో సహా వ్రాసినచో అది సంఖ్యగా లెక్కింపబడదు. ప్రమాణము శీర్షికయందును, సంఖ్య మాత్రము గడియందును ఉండవలెనను క్రమశిక్షణ పదిమార్లు నోటితో చెప్పినను పట్టుబడదు. ఒక్కమారు రేఖ చెదరినచో పట్టుబడును.

ప్రశ్నావళికి వేరొక ప్రయోజనమున్నది. ప్రయోగమునకు ముందు ‘గుండు బరువు హెచ్చించిన డోలనకాలము హెచ్చునా, తగ్గునా, మారకుండునా’ అని యడిగి, పేర్లు కనబడకుండ జవాబులు రాబట్టినచో, వెనుక బల్లపై కూర్చుండి ఎన్నడును చేయెత్తని బాలిక యభిప్రాయమును లెక్కకు వచ్చును. తరగతిలో ఎంతమంది ఏమి నమ్ముచున్నారో మాస్టారికి ప్రయోగమునకు మునుపే తెలియును. జవాబులు చూపి, గుండు మార్చి, ఫలితమును వారిచేతనే చెప్పించుట ఉచితము. ఇక వ్రాతపత్రము జట్టు నివేదికలకు పనికివచ్చునుగాని, నలుగురి జట్టులో టైపు చేయగలవాడొక్కడే వ్రాయుట, తక్కినవారు చూచుచుండుట దానియందు సులభముగా జరుగు అన్యాయము.

గోదావరి మట్టము

ఈ సీమకు సహజమైన పాఠము వరద. భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48కి రెండవదియు, 53కి మూడవదియు ఇయ్యబడును. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదైనవి. ఈ సంఖ్యలు ఇచ్చటి పిల్లలకు కంఠపాఠములు; వరదనాడు ఇంటింట మాట అదే. కాని పాఠ్యపుస్తకము మీటర్లలో మాటలాడును. 43 అడుగులు 13.1 మీటర్లనియు, 53 అడుగులు 16.2 మీటర్లనియు, 1986 నాటి వరద 23 మీటర్లనియు మార్చి వ్రాయుటతో మొదలుపెట్టిన పట్టిక, వర్షకాలమంతయు దినదినము పెరుగుచు పోవును.

కేంద్ర జలసంఘమువారు పేరూరు, ఏటూరునాగారము, భద్రాచలము, కూనవరము మున్నగుచోట్ల నదీమట్టములను కొలిచి ప్రకటించుచుందురు. ఎగువ మట్టము ఒక నిలువు వరుసలోను, భద్రాచలపు మట్టము మరియొక వరుసలోను వ్రాసి రెంటికిని గీతలు గీచినచో, ఎగువన శిఖరము వచ్చిన తరువాత కొన్ని గంటలకు దిగువన శిఖరము వచ్చుట కనబడును. ఆ వ్యవధియే వరదశిఖరము నడచిన కాలము. దూరమును ఆ కాలముచేత భాగించిన వరదశిఖరము నడచిన సగటు వడి లభించును. ప్రాణహిత, ఇంద్రావతులు ఎగువన కలియుటయు, శబరి కూనవరమువద్ద దిగువన కలియుటయు గీతల ఆకారమును ఎట్లు మార్చునో పెద్దతరగతి విద్యార్థులు ఆలోచింపవచ్చును. భద్రాచలపు మట్టము తగ్గుచుండగా కూనవరమున నీరు నిలిచియుండిన దినములుండినచో, ఏల యని యడుగుట పిల్లల వంతు. శబరి పొంగు గోదావరి కెదురుపడినపుడు ఏమగునో దానిని తల్లిదండ్రులు ఎఱుగుదురు. ఆ ఎఱుక సంఖ్యలలోనికి వచ్చుట ఇంటికిని బడికిని కుదిరిన సంధి వంటిది.

వేర్వేరు పాఠశాలలు ఒకే పట్టికను పంచుకొన్నపుడు ఈ సాధనముయొక్క నిజమైన బలము బయటపడును. ఒక వర్షమాపకముతో చర్లలో కొలిచిన వాన, గుండాలలో కొలిచిన వాన, అశ్వారావుపేటలో కొలిచిన వాన ఒకే దినమున ఎంత భిన్నముగా నుండునో ప్రక్కప్రక్క గడులలో చూచిన విద్యార్థికి, ‘జిల్లాలో సగటు వర్షపాతము’ అను మాటకు అర్థమేమో, దానికి హద్దులేమో అప్పుడు బోధపడును. వర్షమాపకమును కొననక్కరలేదు, నిట్టనిలువు గోడలుగల డబ్బాయును, స్కేలును చాలును.

చెట్ల పట్టిక

అటవీసీమలోని జీవశాస్త్ర బోధనకు చెట్టును మించిన వస్తువు లేదు. ఇప్పపూలు రాలు కాలము, తునికి కొత్తాకు వేయు కాలము, మోదుగ పూచు కాలము ఇచ్చటి కుటుంబముల జీవనముతో ముడిపడియున్నవి. ఇప్పపూలనేరుటకును తునికాకు కోతకును పిల్లలు పెద్దలతో అడవికి పోవుదురు. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క చెట్టును తనదిగా నెన్నుకొని, వారమునకొకమారు లేతాకులు, ముదురాకులు, మొగ్గలు, పూలు, కాయలు ఉన్నవా లేవా అని గుర్తించుట సులభమైన పని. సీజన్‌వాచ్ అను పేర దేశమంతట పిల్లలచేతను ఔత్సాహికులచేతను చేయింపబడుచున్న వృక్షపరిశీలనము ఇదే రీతిది. ఒక సంవత్సరపు పట్టిక అంతగా ఏమియు చెప్పదు. ఐదేండ్ల పట్టిక, పూత ముందునకు జరిగినదా వెనుకకు జరిగినదా అను ప్రశ్నకు ఆధారము కాజొచ్చును.

ఈ పనియందు ఎదురగు చిక్కొకటి స్వయముగా పాఠమగును. ఒకరు ఇప్ప యని వ్రాయుదురు, ఒకరు విప్ప యని వ్రాయుదురు. ఒకరికి తునికి, మరొకరికి తుమికి. పట్టిక వీనిని నాలుగు వేర్వేరు వృక్షములుగా లెక్కించును. దానికి అక్షరము తెలియునుగాని చెట్టు తెలియదు. అప్పుడు లాటిను ద్వినామము ఏల పుట్టవలసివచ్చెనో వేరుగ ఉపన్యసింపనక్కరలేదు: మధూకా లాంగిఫోలియా అని ఒక నిలువు వరుసను, తెలుగు పేరుకు ఒకటి, కోయపేరుకు ఒకటి చేర్చిన చిక్కు విడిపోవును. లినేయస్ ద్వినామ పద్ధతిని ఎనిమిదవ తరగతి పిల్లలు తమంతట తామే కోరి తెచ్చుకొనునట్టి సన్నివేశము పాఠ్యపుస్తకములో దొరకదు.

దోమల విషయమున ఇట్టి పరిశీలనకు ప్రత్యేక ప్రాముఖ్యము కలదు. మలేరియా ఈ ఏజెన్సీని చిరకాలము పీడించిన జ్వరము; ఆ జ్వరపు పరాన్నజీవి దోమ కడుపులో నుండుటను రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోనే కనుగొనెను. పాఠశాల చుట్టునుగల నీటితొట్లను, కొబ్బరిచిప్పలను, గుంటలను వారమునకొకమారు చూచి, నీటిపొరకు సమాంతరముగా పరుండియున్న అనాఫిలిస్ డింభకములెన్ని, తలక్రిందుగా వాలి వ్రేలాడు క్యూలెక్స్ డింభకములెన్ని యని పట్టికలో వ్రాయవచ్చును. ఎవరికి జ్వరము వచ్చినదో మాత్రము ఆ పట్టికలో వ్రాయరాదు. అది పిల్లల శరీరములకు సంబంధించిన రహస్యము.

సిగ్నలు

2020 మార్చిలో బడులు మూతపడినపుడు ఆశ్రమపాఠశాలల పిల్లలు గూడెములకు చేరిరి. తెలంగాణలో ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా డిజిటల్ పాఠములు మొదలయ్యెను. వాట్సాప్ గ్రూపులు, గూగుల్ మీట్ తరగతులు, ఫారమ్స్ పరీక్షలు ఆ కాలముననే ఉపాధ్యాయుల నిత్యవ్యవహారములైనవి. దేశవ్యాప్తమైన ‘అసర్’ సర్వే ప్రకారము బడిలో చేరియున్న పిల్లల ఇండ్లలో స్మార్టుఫోనున్నవి 2018లో నూటికి 36.5 కాగా 2021లో 67.6. కాని ఇంట ఫోనుండుట వేరు, పిల్లవాని చేతికి అది దొరకుట వేరు, దొరకినను గూడెమున సిగ్నలుండుట వేరు. గుట్టయెక్కిన తప్ప గీత పడని చోట్ల వీడియో పాఠము వట్టిమాట.

ఆ అనుభవమునుండి ఈ సీమలో ‘ఆన్‌లైను చదువు’ అనగనే పెదవి విరచువారు కలరు; వారి విరక్తి న్యాయమైనదే. ఐనను వీడియోకును పట్టికకును నడుమ భేదమును గమనింపవలెను. ఒక గంట వీడియోకు వందలకొలది ఎంబీలు కావలెను. ఎనిమిది కొలతల వరుసకు ఒక చిన్న ఫొటోకు పట్టునంత డేటాయు అక్కరలేదు. పట్టికను ఫోనులో ముందుగా దాచుకొని, సిగ్నలు లేనిచోట నింపి, సిగ్నలు దొరకినపుడు తనంతట కలియనిచ్చు ఏర్పాటును కలదు. ఒక మారుమూల గూడెమునకు వీడియోకంటె సంఖ్య సులభముగా చేరును, అంతకంటె సులభముగా తిరిగి వచ్చును.

వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతములలో తొలివిడత నెలకొల్పిన 2,343 టవర్లను 2జీ నుండి 4జీకి మార్చుటకు కేంద్రమంత్రివర్గము 2022 ఏప్రిలులో సమ్మతించెను. సరిహద్దు మండలములకు అది కొంత ఊరట. అంతర్జాలముపై పూర్తిగా ఆధారపడని మార్గమును టాటా సామాజికశాస్త్ర సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి నడపిన క్లిక్స్ కార్యక్రమము చూపెను. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్, మిజోరం ఉన్నత పాఠశాలలలో సైన్సు, గణితము, ఇంగ్లీషు పాఠములను బడిలోనే యుంచిన సర్వరునుండి నడిపిన ఆ కార్యక్రమమునకు యునెస్కోవారి 2017 సంవత్సరపు బహుమానము లభించినది. ఆశ్రమపాఠశాలకు ఈ నమూనా సరిగా అమరును: పిల్లలందరు ఒకేచోట నుందురు, ఫోనులు వారియొద్ద ఉండవు, ల్యాబులో పనిచేయు కంప్యూటర్లు కొద్ది.

కనుక ఇచ్చట ఆచరణీయమైన క్రమము, ముందు నోటుపుస్తకము, తరువాత నల్లబల్ల, ఆ తరువాత పట్టిక. కొలతను పెన్నుతో పుస్తకమున వ్రాయవలెను. జట్టునాయకుడు నల్లబల్లపై తన వరుసలో ఎక్కింపవలెను. సాయంకాలము ఇద్దరు విద్యార్థులు వంతులవారీగా ల్యాబు కంప్యూటరులోనో, మాస్టారి ఫోనులోనో నింపవలెను. కరెంటు పోయినను, సిగ్నలు పోయినను తరగతి ఆగదు. రేఖాచిత్రమునుకూడ మొదట గ్రాఫుకాగితముపై చేతితో గీయించి, పిదప యంత్రము గీచినదానితో పోల్చుట మంచిది. పదవతరగతి పబ్లికు పరీక్షలో గీయవలసినది చేతితోనే గదా.

భాష

2022–23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటినుండి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడి, ఒకప్రక్క ఇంగ్లీషు, ఎదుటిప్రక్క తెలుగు గల పుస్తకములు వచ్చినవి. ఇంట కోయ, బడిలో తెలుగు, పుస్తకమున ఇంగ్లీషు. మూడు మెట్లెక్కి గాని బాలుడు శాస్త్రమును చేరలేడు. వడి, వేగము అను మాటలను తీసికొనుడు. వాడుక తెలుగున రెండును ఒకటే. భౌతికశాస్త్రమున వడికి దిక్కు లేదు, వేగమునకు దిక్కు కలదు. ఈ సూక్ష్మమును కోయభాషలో ఎట్లు చెప్పవచ్చునో ఏ నిఘంటువును చూచి మాస్టారు చెప్పగలడు? పిల్లలే చెప్పవలెను. తరగతికొక ఉమ్మడి పదపట్టిక నుంచి, పాఠము నడచిన కొలది తెలుగుమాట, ఇంగ్లీషుమాట, ఇంటిమాట, ఒక చిన్న ఉదాహరణము చేర్చించినచో, సంవత్సరాంతమునకు ఏ ముద్రణాలయమును ప్రచురింపని పుస్తకమొకటి సిద్ధమగును. తెలుగులిపి 1991 నుండియు యూనికోడునందున్నది. కోయమాటను తెలుగులిపిలో వ్రాయుటకు యంత్రము అడ్డురాదు. ఇంటిమాటను అడుగునపుడు కోయబాలుడు ఉపాధ్యాయస్థానమున నిలుచును. తక్కిన పీరియడ్లలో అతనికి ఆ స్థానము అరుదు.

జాగ్రత్తలు

లింకు చేతనున్న ఎవ్వరైనను దిద్దవచ్చునను అమరికతో పత్రమును వాట్సాప్‌లో విడిచిపెట్టుట తరచు జరుగు పొరపాటు. ఒక్క వ్రేలి తాకిడికి నెలల శ్రమ తారుమారగును. పిల్లల పూర్తిపేర్లు, ఫొటోలు, ఫోనునంబర్లు పట్టికలో నుండరాదు. జట్టు సంఖ్యలు చాలును. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణ చట్టము పదునెనిమిదేండ్లలోపు వారి సమాచారమునకు తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి యుండవలెనని విధించెను.

అటవీసీమకే చెందిన జాగ్రత్తలు మరి రెండు కలవు. ఇస్రోవారి భువన్ పటములు 2009 నుండి అందరికి లభ్యములు. వానిపై చెట్లను, వాగులను గుర్తించుట చక్కని పాఠము. కాని గూడెముల స్థానములను, పోడు భూముల హద్దులను పిల్లలచేత గుర్తింపజేసి బహిరంగ పత్రములలో నుంచుట తగదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద తేలవలసిన తగవులకు, ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చి నివసించు గుత్తికోయల బ్రతుకునకు, బడిపిల్లల పటము తెలియకయే హాని చేయవచ్చును. రెండవది మూలికల విషయము. ఏ వేరు ఏ జబ్బునకు వాడుదురో పెద్దలు చెప్పినదానిని వారి అనుమతిలేక అంతర్జాలమున నుంచుట, వారి సొత్తును వీధిలో పెట్టుటయే. చెట్టు పూచిన తేదీ అందరిది. మందు రహస్యము వారిది.

బాలల సైన్స్ కాంగ్రెసు 1993 నుండి పది, పదునేడేండ్ల నడిమి పిల్లలచేత స్థానిక సమస్యలపై జట్టుగా ప్రాజెక్టులు చేయించుచున్నది. దానికి కావలసిన దినచర్యాపుస్తకము, కొలతల పట్టిక, నివేదిక, మూడును పైన చెప్పిన పనినుండి వేరుగా శ్రమింపకయే లభించును. జన విజ్ఞాన వేదికవారి చెకుముకి సంబరములలో పాల్గొను పిల్లలకును ఇది తోడగును.

మిగిలిన చిక్కు ఫైలు ఎవరిదను ప్రశ్న. పట్టిక సాధారణముగా మాస్టారి సొంత ఖాతాలో పుట్టును; ఆయనకు బదిలీ యైనపుడు ఐదేండ్ల ఇప్పపూల లెక్క ఆయనతో కూడ వెడలిపోవును, క్రొత్తగా వచ్చినవారు మరల మొదటి వరుసనుండి ప్రారంభింతురు. దీనికి విరుగుడు, మొదటిదినముననే పాఠశాల పేర ఒక ఖాతా తెరచి ఫైలును దానియందు సృజించుట, రహస్యపదమును ప్రధానోపాధ్యాయుని రిజిస్టరులో వ్రాసియుంచుట, ప్రతి ఏప్రిలులోను సెలవులకు ముందు ఆ యేటి పట్టికను కాగితముపై అచ్చుతీసి, కుట్టి, ల్యాబు బీరువాలో పెట్టుట. జూనులో బడి తెరచిన దినమున తొమ్మిదవ తరగతివారు ఆ కుట్టును ఎనిమిదవ తరగతివారికి అప్పగించి, ఏ చెట్టు ఎచ్చటనున్నదో వెంటబెట్టుకొనిపోయి చూపవలెను.